కరకట్ట మీదుగా బందరు దాకా: కృష్ణా డెల్టాలో మట్టిదారి సైకిల్ ప్రయాణం

గ్రావెల్ సైకిల్, అంటే మట్టిదారులకు సరిపోయే వెడల్పు టైర్ల గేరు సైకిల్, కొన్నవాళ్లు ముందు కొండలూ అడవులూ వెతుకుతారు. మన దగ్గర దానికి అసలు సరిపోయేది డెల్టా. విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) దాకా నేల వాలు ఇరవై మీటర్లకు అటూ ఇటూ. ఎక్కుడంటూ వస్తే కరకట్ట ర్యాంపో, లాకుల దగ్గర వంతెనో. అయినా ఈ దారి తేలికని అనుకోకండి. ఎండ, ఎదురుగాలి, తుమ్మముళ్లు, వాన పడితే నల్లరేగడి, ఈ నాలుగూ కలిసి కొండకంటే ఎక్కువ అలుపు పుట్టిస్తాయి. నాలుగింటికీ ముందే ఏర్పాటు చేసుకోవచ్చు గనక ఈ వివరాలు.

దారి మొత్తం సుమారు 120 కిలోమీటర్లు, రెండు రోజులు. మొదటి రోజు ప్రకాశం బ్యారేజీ నుంచి కరకట్ట వెంట శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఘంటసాల, రాత్రికి చల్లపల్లి. రెండో రోజు మొవ్వ, కూచిపూడి, బందరు. ఈ శ్రీకాకుళం కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న ఊరు. మ్యాపులో పేరు కొడితే ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం ముందు వస్తుంది, చూసుకుని నొక్కండి.

ముందు నీళ్ల లెక్క తెలుసుకోవాలి

డెల్టాలో దారి ఎంచుకోవడమంటే కాలువ ఎంచుకోవడమే. పటంలో నీలి గీతలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ వాటిలో రెండు జాతులున్నాయి. సాగునీటి కాలువ ఎత్తు మీద పోతుంది, అప్పుడే నీళ్లు తూముల గుండా పొలంలోకి దిగుతాయి. మురుగు కాలువ, అంటే డ్రెయిన్, పల్లంలో పోతుంది. సాగునీటి కాలువ గట్టు మీద లస్కర్లు, అంటే కాలువ కాపలా సిబ్బంది, తిరగాలి, పూడిక తీసే యంత్రాలు రావాలి, కాబట్టి ఏదో ఒక దారి ఉంచుతారు. డ్రెయిన్ గట్టును పట్టించుకునేవాళ్లు తక్కువ. రెండు కిలోమీటర్లు బాగానే ఉండి, మూడోదానికి జమ్ము, తుమ్మకంప మధ్య దిగవిడిచేస్తుంది. వంతెనా ఉండదు, వెనక్కి తిరగాల్సిందే.

శాటిలైట్ చిత్రంలో ఈ రెంటినీ పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. సముద్రం వైపు పోయేకొద్దీ సాగునీటి కాలువ సన్నబడుతుంది, ఎందుకంటే దారి పొడుగునా పిల్లకాలువలు దానినుంచి చీలిపోతుంటాయి. డ్రెయిన్ వెడల్పవుతుంది, ఎందుకంటే వాగులూ బోదెలూ వచ్చి దాన్లో కలుస్తుంటాయి. సన్నబడే గీతను పట్టుకోండి.

ఆ తరువాత వంతెనలు. కాలువ ఏ గట్టున పోతున్నామో, ఎక్కడ రెండో గట్టుకు మారాలో ఇంట్లోనే తేల్చుకుని ప్రతి దాటుడునూ జీపీఎక్స్‌లో (ఫోను చూపించే దారిగీత ఫైలులో) గుర్తుగా పెట్టుకోవాలి. ఒక్క వంతెన తప్పితే నాలుగైదు కిలోమీటర్లు వృథా. పటంలో వంతెనలా కనిపించేది ఒక్కోసారి రెండు తాటి దుంగలు పరిచిన కాలిబాటై ఉంటుంది. వాటి మీద సైకిల్ ఎక్కి పోవద్దు, ఖాళీ చేత్తో ఒకసారి నడిచి చూసి తరువాత భుజాన వేసుకుని దాటండి. ఫోనులో మోటారు సైకిల్ మోడ్ పెట్టి దారి అడిగితే ఏ డొంకలోకి తోస్తుందో చెప్పలేం. దారి గీసుకోవడానికి కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ లాంటి యాప్‌లు వాడినా, గీసిన గీతను శాటిలైట్ చిత్రం మీద ఒకసారి వేలితో నడిపించి చూడాలి. ఆఫ్‌లైన్ పటం దించుకోండి, లంకల వైపు సిగ్నల్ పోతుంది.

కాళ్లకింద ఏముంటుంది

కరకట్ట అంటే నదికి వరద అడ్డుకట్ట. దాని పైభాగం చాలాచోట్ల ఒంటివరస తారు, కొన్నిచోట్ల తారు లేచిపోయి గ్రావెల్. వేగం దొరికేది ఇక్కడే. కాలువ గట్టు మట్టిది, మీద ఎర్ర గ్రావెల్ పోసి ఉంటే గంటకు 15, 16 కిలోమీటర్లు హాయిగా సాగుతుంది. లేకపోతే ట్రాక్టరు చాళ్లు, మధ్యలో గడ్డిపట్టీ. చాలులో కంటే గడ్డిపట్టీ మీద పోవడమే మేలని ఒక గంటలో మీకే తెలుస్తుంది.

కంకర రోడ్డు వేరే రకం. తారు వేస్తామని మెటల్ పరిచి వదిలేసిన రోడ్డు. పిడికిలంత రాళ్లు కదులుతుంటాయి. దాని మీద హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోకూడదు. మోచేతులు వదులుగా ఉంచి, ఒక గేరు బరువెక్కించి, పిరుదులు సీటు మీదనుంచి అరచెయ్యంత లేపి తొక్కాలి. ముందు బ్రేకు మలుపుల్లో ముట్టవద్దు.

ఇక డొంక, పొలాల మధ్య బండ్ల బాట. ఎండాకాలంలో మొదటి ముద్దు డొంకే, వాన పడ్డాక చివరి దిక్కు కూడా కాదు. రెండు పొలాలకన్నా పల్లంలో ఉంటుంది కాబట్టి నీళ్లు ఎటూ పోవు. గట్టి వాన కురిస్తే గట్టు ఒక రోజులో ఆరుతుంది, డొంకకు కనీసం మూడు రోజులు పడుతుంది. అంతవరకూ ఆ ఊరి తారు రోడ్డు ఎక్కడమే తెలివి.

రేగడి బురదలో ఏం జరుగుతుందో తెలిసుంటే మొండికేయరు. తడి రేగడి టైరుకు అంటుకుంటుంది, అంటుకున్న దానికి మళ్లీ అంటుకుంటుంది. ఇరవై చుట్లు తిరిగేలోపు ఫోర్కుకూ టైరుకూ మధ్య సందు పూడుకుపోయి చక్రం నిలబడిపోతుంది. అప్పుడు ఇంకా బలంగా తొక్కితే గొలుసు డీరేలర్‌ను (గేర్లు మార్చే భాగాన్ని) లాగి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. బురద బిగిసిందని అనిపించగానే దిగి, ఎత్తుకుని గట్టెక్కడమే పని. వెదురు బద్దొకటి ఫ్రేముకు కట్టుకోండి, బురద గీకడానికి అంతకు మించిన పనిముట్టు లేదు. మడ్‌గార్డులు పట్నంలో పనికొస్తాయి, ఇక్కడ బురద నిలవచేసే డబ్బాలవుతాయి, తీసేయండి. మీ సైకిల్ మోడలుకు సరిపోయే హ్యాంగర్ ఒకటి విడిగా ఉంచుకోవాలి. ఒకదానిది మరొకదానికి పట్టదు, బందరులోనో చల్లపల్లిలోనో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

టైర్లు, గాలి, ముళ్లు

40 మిల్లీమీటర్ల టైరు ఈ దారికి చాలు, 45 ఉంటే సుఖం. డెబ్బై కిలోల మనిషి, చిన్న సంచి అనుకుంటే ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) 40కి ముందు 28, వెనక 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టండి. 45 అయితే మూడేసి తగ్గించండి. ట్యూబు ఉంటే ఐదారు పెంచాలి. లేకపోతే కంకర రాయి అంచు తగిలి ట్యూబు రిమ్ముకు నొక్కుకుని పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. 35 టైరున్న మామూలు హైబ్రిడ్‌కు 50 చుట్టూ. సామాను పది కిలోలు దాటితే వెనక టైరుకు ఇంకో రెండు మూడు.

ఇక్కడ అసలు శత్రువులు ఇద్దరు: పల్లేరుకాయ, సర్కారు తుమ్మ. పల్లేరు పొలాల అంచుల్లోనూ బళ్లు ఆగేచోటా నేలకు పాకి పసుపు పువ్వు పూస్తుంది. కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఆ పసుపు పువ్వు కనిపిస్తే ఆ అంచుకు పోకండి, ఆగినా తారు మీదే ఆగండి. తుమ్మది వేరే తరహా. గట్టు బాగుచేసేటప్పుడు కంప నరికి అంచునే వదిలేస్తారు, ఎండిన ముల్లు సన్నని టైరును సూదిలా దూసుకుపోతుంది. కొత్తగా నరికిన కంప ఉన్నచోట దిగి ఎత్తుకుని నడవండి, అవమానమేమీ లేదు.

ట్యూబ్‌లెస్ వాడితే టైరుకు 70 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లులు పూడ్చే ద్రవం, పోయండి. మన వేడికి రెండు మూడు నెలల్లో ఎండిపోయి లోపల పొక్కు కడుతుంది. బయల్దేరే ముందు వాల్వ్ కోర్ తీసి సన్నని పుల్ల ముంచి చూడండి, తడి అంటకపోతే మళ్లీ పోయాలి. పల్లేరుకాయలు గుచ్చుకుంటే అన్నీ ఒకేసారి పీకవద్దు. ఒకటి పీకి, చిల్లు నేలవైపు వచ్చేలా చక్రం తిప్పి, సీలెంట్ పట్టేదాకా ఆగి, అప్పుడు రెండోది. అన్నీ పీకేస్తే గాలంతా ఒకేసారి పోతుంది, సీలెంట్‌కు పట్టే వ్యవధి ఉండదు. ట్యూబు వాళ్లు మాత్రం పంక్చర్ వేశాక టైరు లోపలి వైపంతా వేలితో మెల్లగా తడిమి చూడాలి. ముల్లు కొస ఒక మిల్లీమీటరు మిగిలినా రెండో ట్యూబునూ తినేస్తుంది.

సన్నని ఫ్రెంచ్ వాల్వ్ ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ రెండు పెట్టుకోండి. ప్రతి ఊళ్లో పంక్చర్ షాపు ఉంటుంది, కంప్రెసర్ ఉంటుంది, కానీ దాని మూతి మోటారు సైకిల్ వాల్వ్‌కు సరిపోయేది. అడాప్టర్ లేక గాలి ఉన్న ఊళ్లోనే గాలి లేకుండా నిలబడేవాళ్లు ఎక్కువ. గాలి కూడా మీ గేజ్‌తోనే చూసుకోండి, లేదంటే అలవాటు చొప్పున గట్టిగా కొట్టేస్తారు.

మిగతా సామాను: ట్యూబులు రెండు, ప్యాచీలు, చేతిపంపు, టైరు లివర్లు, గొలుసు తెంపే పరికరం, తెగిన గొలుసు కలిపే క్విక్ లింక్, మల్టీటూల్, నాలుగు జిప్ టైలు, పాత టూత్‌బ్రష్. గొలుసుకు మైనం రకం లూబ్ వేయండి. నూనె రకం దుమ్ము పట్టి మధ్యాహ్నానికల్లా గంధం తీసిన రాయిలా అరుగుతుంది.

ఎప్పుడు పోవాలి

డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. జూన్, జూలైలో కాలువలకు నీళ్లు వదులుతారు, నాట్లు పడతాయి, గట్లు మెత్తబడతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. నవంబరు చివర, డిసెంబరులో వరికోతలు. కోత యంత్రాలూ ధాన్యం ట్రాక్టర్లూ డొంకల్ని గుంతలు చేసి పెడతాయి, అవి ఆరి గట్టిపడితే పక్కటెముకలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఆ తరువాత కోసిన చేలల్లో మినుము పచ్చగా కమ్ముకుంటుంది, నేల ఆరుతుంది. అదే సమయం.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. ఎనిమిదింటి దాకా ముందూ వెనకా లైట్లు వెలిగించే ఉంచాలి. ఫిబ్రవరి నుంచి మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవుతుంది, మీరు పోయేది దానికి ఎదురు. అందుకే రెండో రోజు బందరు చేరడం పన్నెండు లోపే పెట్టుకోండి. అదే దారిని మధ్యాహ్నం రెండింటికి తొక్కితే పదిహేను కిలోమీటర్ల వేగం పదికి పడిపోతుంది.

వరద రోజుల్లో కరకట్టకు పోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. నది అంత పొంగకపోయినా, బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే లంకల వైపు దిగే దారులన్నీ వదిలేయాలి.

మొదటి రోజు: బ్యారేజీ నుంచి చల్లపల్లి, సుమారు 70 కిలోమీటర్లు

ఆరుకల్లా బ్యారేజీ దగ్గర ఉండాలి. ఈ ప్రయాణం మొత్తానికి మూలం ఇక్కడే ఉంది. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట వల్లే ఈ కాలువలూ గట్లూ పుట్టాయి. అది 1952లో తెగింది, ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది. ఊరు దాటేదాకా ఆటోల మధ్య ఓపిక పట్టి, యనమలకుదురు దగ్గర కరకట్ట పట్టుకోండి. చోడవరం, రొయ్యూరు, తోట్లవల్లూరు దిక్కుగా సాగాలి. కుడిచేతి వైపు నది, లంకల్లో అరటి, పసుపు, చెరుకు. ఎడమచేతి వైపు కట్టకింద ఊళ్లు.

కరకట్ట మీద జాగ్రత్త ఇసుక బళ్లతో. నదిలో ఇసుక తవ్వే రీచ్‌ల నుంచి టిప్పర్లూ ట్రాక్టర్లూ ర్యాంపు ఎక్కి ఒక్కసారిగా పైకి వస్తాయి. కింద నుంచి వచ్చేవాడికి మీరు కనపడరు, మీకు అతను కనపడడు. ప్రతి ర్యాంపు ముందూ బెల్లు కొట్టి రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టండి. రాలిన ఇసుక తారు మీద పలచగా పరుచుకుని ఉంటుంది, దాని మీద హ్యాండిల్ తిప్పితే ముందు చక్రం జారుతుంది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ ఆడే నెలల్లో చెరుకు ట్రాక్టర్లు కూడా కలుస్తాయి. ట్రక్కు వెడల్పు కన్నా చెరుకు వెడల్పు ఎక్కువ, గడలు అటూ ఇటూ పొడుచుకుని ఉంటాయి. దాటబోకండి, పక్కకు దిగి పోనివ్వండి.

తోట్లవల్లూరులో టిఫిను కానిచ్చేయండి. చిన్న ఊళ్లలో ఇడ్లీ తొమ్మిదిన్నరకే అయిపోతుంది, తరువాత టీ, బిస్కెట్లే. ఆగకుండా పోతే శ్రీకాకుళం పదిన్నరకు చేరవచ్చు, చేరాలి కూడా. ఈ వైపు గుళ్లు చాలావరకు పన్నెండుకు అటూ ఇటూగా మూసి సాయంత్రం నాలుగు దాటాకే తీస్తారు. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు గుడిని చూడకుండా వస్తే ఈ దారికి అర్థం సగం పోయినట్టే. కృష్ణదేవరాయలు కళింగ యుద్ధానికి పోతూ ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద తెలుగులో రాయమన్నాడనీ ఆ కావ్యం మొదట్లోనే ఉంది. సైక్లింగ్ నిక్కర్లతో గుళ్లోకి పోవద్దు, సంచిలో ఒక పంచె ఉంచుకుంటే దానికీ పనికొస్తుంది, స్నానానికీ పనికొస్తుంది. పెడలుకు బిగుసుకునే క్లీట్ బూట్లు కాకుండా మామూలు పెడళ్లు, చదును అట్ట బూట్లు వేసుకోండి. ఈ దారిలో గుడికొకసారి, వంతెనకొకసారి దిగి నడవాలి.

మధ్యాహ్నం ఎండలో రెండున్నర దాకా ఆగి ఘంటసాల బయల్దేరండి. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టోలెమీ గ్రంథంలో కంటకస్సుల పేరుతో కనిపించే రేవుపట్నం ఇదే. ఇప్పుడు సముద్రం ఇక్కడికి చాలా దూరం. ఇక్కడి మహాచైత్యం (బౌద్ధ స్తూపం) లోపలి ఇటుక గోడలు నడిమి నుంచి అంచుకు బండి చక్రం ఆకుల్లా కట్టారు, మట్టి నింపిన గుమ్మటం బరువుకు విచ్చిపోకుండా. రోజంతా చక్రం మీద కూర్చున్నవాళ్లు ఆ కట్టుబడిని ఒక నిమిషం ఎక్కువే చూస్తారు. పురావస్తు శాఖ మ్యూజియం ఊళ్లోనే ఉంది. ఆ శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు కాబట్టి బయల్దేరే రోజు దాన్ని బట్టి చూసుకోండి. ఘంటసాల నుంచి చల్లపల్లి దగ్గరే, వెలుతురుండగానే చేరతారు. బస చల్లపల్లిలోనే ముందు మాట్లాడుకోండి, ఓపిక ఉంటే ఇంకొంచెం దక్షిణాన సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి ఉన్న మోపిదేవి దాకా పోవచ్చు. సైకిల్ గదిలోకి తెచ్చుకుంటామని ముందే చెప్పాలి.

రెండో రోజు: మొవ్వ, కూచిపూడి, బందరు, సుమారు 50

చల్లపల్లి నుంచి ఉత్తరంగా, గట్టు దారులు కుదిరితే అవే, లేకపోతే ఊరి రోడ్లు. ముందు మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో ముద్ర వేసుకున్న మువ్వ గోపాలుడు ఈ ఊరివాడే, గుడి చిన్నది, అరగంట చాలు. అక్కణ్ణుంచి కూచిపూడి నాలుగైదు కిలోమీటర్లు. గోల్కొండ పాలకుడు తానీషా ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. ఇక్కడ చూడాల్సింది కట్టడాల కన్నా ఊరే.

కూచిపూడి నుంచి తూర్పుకు తిరిగాక పెద్ద రోడ్డు మీదకు లాగే దారులు ఎక్కువ. పోను పోను గట్టు దారి దొరకడం కష్టమవుతుంది, చివరి పది పదిహేను కిలోమీటర్లు తారుకు ఒప్పుకోవడమే మంచిది. పెడన కలంకారీ అద్దకం చూడాలనుకుంటే బందరుకు ఉత్తరాన పదో పన్నెండో కిలోమీటర్లు, అది సాయంత్రానికి పెట్టుకోండి.

బందరులో డచ్చివాళ్ల సమాధులు వెతకండి. పదిహేడో శతాబ్దపు రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఇంకా చదవచ్చు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ 1611లో దిగారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు ముప్ఫై వేలమంది పోయారు, ఆ దెబ్బ తరువాత రేవు మళ్లీ పాత దశకు రాలేదు.

రోడ్డు రైతుది కూడా

కోతల తరువాత రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోస్తారు. ఖాళీ ఉన్న సగంలో పోండి, ఖాళీ లేకపోతే దిగి అంచున నడవండి. గింజల మీద తొక్కితే గింజ పగులుతుంది, చక్రం జారి మీరూ పడతారు, రైతు తిట్టినా న్యాయమే. ఫిబ్రవరి, మార్చిలో ఇంకో తంటా ఉంది. మినుము, పెసర కట్టెను రోడ్డు మీద పరిచి వచ్చేపోయే బళ్ల చక్రాలతో నూర్పిడి చేయిస్తారు. ఆ తీగ గేర్లలోకీ డిస్కు బ్రేకులోకీ చుట్టుకుంటుంది. కారు పోవచ్చు, గేరు సైకిల్ పోకూడదు. చుట్టుకుంటే వెనక్కి పెడలు తిప్పవద్దు, అప్పుడు ఇంకా బిగుస్తుంది. చక్రం ఊడదీసి కత్తెరతో కోసి తీయాలి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, కుక్కకూ మీకూ మధ్య సైకిల్ ఉండేలా నాలుగడుగులు నడిస్తే వాటి ఎల్ల దాటగానే ఆగిపోతాయి.

నీళ్లు గంటకు ముప్పావు లీటరు లెక్కన, ఎప్పుడూ రెండు లీటర్లు మీ దగ్గర ఉండేలా చూసుకోండి. కాలువ నీళ్లు తలమీద పోసుకోవడానికే, తాగడానికి కాదు. కొబ్బరి బొండం, ఉప్పేసిన మజ్జిగ ఎక్కడైనా దొరుకుతాయి. కాలువలో ఈతకు దిగబుద్ధేస్తుంది. లాకుల దగ్గరా తూముల దగ్గరా మాత్రం వద్దు, పైకి నిమ్మళంగా కనిపించే నీరు అక్కడ కిందనుంచి లాగుతుంది.

తిరుగు ప్రయాణానికి బందరు నుంచి గుడివాడ మీదుగా విజయవాడకు రైలుంది. సైకిల్‌ను బోగీలోకి తోయకుండా గంట ముందు పార్సిల్ ఆఫీసుకు పోయి బ్రేక్ వ్యాన్‌లో లగేజీగా బుక్ చేయాలి. సీటు సంచి, లైట్లు, సీసాలు ఊడదీసి మీ దగ్గర పెట్టుకోండి, డీరేలర్ ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టమని దగ్గరుండి చెప్పండి. మంగినపూడి బీచికి కూడా సైకిల్ మీదే పోయొచ్చినట్టయితే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగేయాలి. ఉప్పు తగిలిన గొలుసు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. బకెట్టు, గుడ్డ చాలు. సర్వీసింగు షాపు ప్రెషర్ పైపు పెడితే హబ్బుల్లోకి నీళ్లు దూరి గ్రీజు పోతుంది.